నెమలి కంటి అట్ట

ఈరోజు పొద్దున ఒక తప్పు చేశాను. గద్వాలలో నేను నడుపుకుంటున్న చీరల డిజైన్ల దుకాణంలో కొత్త కంప్యూటర్ పెట్టడానికి చోటు చాలక, అటక మీది పాత మగ్గం అట్టల కట్టలను దించి, పాత సామాన్ల బండి అతనికి ఇచ్చేశాను. బండి మలుపు తిరిగాక కూడా వాటి వాసన మిగిలే ఉంది: ముక్కిన అట్ట, గంజి, మగ్గానికి వేసే నూనె. ఆ వాసనకు మనసు కీడు శంకించి, ఆ అట్టల్లోని డిజైన్లు దాచిన సీడీని తీసి వెలుతురుకు పట్టి చూస్తే, వెండి పూత పొలుసులుగా లేచిపోయి అవతలి వీధి కనిపించింది. పరుగున పోయేసరికి రాయచూరు రోడ్డులోని పాత కాగితాల కొట్టులో నా కట్టలను మిగతా కాగితాలతో కలిపి యంత్రంలో నొక్కి దిమ్మ కట్టేశారు. అవి మా మేనత్త నర్సమ్మ తన చేత్తో చిల్లులు కొట్టిన అట్టలు.

నా చిన్నతనమంతా ఆ అట్టల కిందే గడిచింది. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. ఎండాకాలం నాన్న గుంతలో నీళ్లు చల్లి దిగితే తడిమన్ను వాసన లేచేది. వానాకాలం దారం బిగుసుకుంటుందని గుంత పక్కన నిప్పుల కుంపటి పెట్టేవారు, దాని మీదే అత్త మాకు జొన్నరొట్టె వెచ్చజేసి పచ్చిపులుసులో ముంచి ఇచ్చేది. పీర్ల పండుగ డప్పులు మా వీధికి వచ్చిన రోజు మాత్రం మగ్గాల చప్పుడు ఆగేది, మేము బెల్లం మలీద ముద్దలు పట్టుకుని ఆగిన మగ్గం కింద పడుకుని పైకి చూసేవాళ్లం. పైన పోగులను లేపే జకార్డు పెట్టె, దానికి దండలా వేలాడే వందల అట్టలు. ఒక్కో అట్ట చీర అంచులో ఒక్కో వరుస. చిల్లున్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు, అంతే. గళ్ల కాగితం మీది బొమ్మను చూస్తూ, వక్క నములుతూ, పెదవులు కదలకుండా లెక్కపెడుతూ, అత్త ఇనుప పలక మీద అట్ట పరిచి ఉలితో ఒక్కో చిల్లు కొట్టేది. కొట్టిన ప్రతి అట్టనూ వాకిట్లో ఎండకు ఎత్తి చూసుకునేది. భర్త పోయి పుట్టింటికి చేరిన ఆమెకు మా వీధిలో ఒక గౌరవం ఉండేదంటే అది ఆ పని వల్లనే.

నా తొమ్మిదేళ్ల వయసులో, మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుండగా, నెమలి అంచు దండలోంచి ఒక అట్టను విప్పుకున్నాను. తలుపు సందులోంచి పడే ఎండకు దాన్ని అడ్డం పెడితే చీకటి గోడ మీద వెలుగు చుక్కలు పడేవి. అదే మా సినిమా. అట్ట తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను, కానీ ఆడుతుండగా అది మురికి కాలువలో పడి నానిపోయింది. అత్త చేతులు రోజూ చూసినవాణ్ణి కనుక అచ్చం ఆమెలాగే ముడివేసి, దండను కలిపేశాను.

ఆ అట్టలోనే నెమలి కన్ను ఉందని నాకు తెలియదు. నేసేటప్పుడు బొమ్మ కిందివైపు పడుతుంది కనుక, చీర మగ్గం దిగి వాకిట్లో ఎండలో పరిచేదాకా నాన్న కూడా గమనించలేదు. అంచు పొడవునా ఒక్క నెమలికీ కన్ను లేదు.

మా చీరలు కొనే సావుకారు ఆ చీర మడిచి వెనక్కి తోశాడు. "నర్సమ్మా, నీ కండ్లు పోయినయి. ఇగ అట్టల జోలికి రాకు" అన్నాడు. అత్త దండ అంతా రెండుసార్లు లెక్కపెట్టింది, ఒకటి తక్కువ వచ్చింది. "నేనే మరిచిన గావొచ్చు అన్నా" అంది నాన్నతో. నేను స్తంభం వెనకే ఉన్నాను. వీధి నల్లా దగ్గర ఆడవాళ్లు "ఏం నర్సక్కా, మీ నెమళ్లకు అద్దాలు పెట్టియ్యరాదూ?" అని నవ్వితే ఆమె కూడా నవ్వేది. అప్పటికి ఆమెకు నలభై నిండలేదు. ఆ తర్వాత ఎవరూ ఆమెకు అట్టలు ఇవ్వలేదు, నూలు కండెలు చుట్టుకుంటూ బతికింది.

నేను హైదరాబాదుకు పోయి కంప్యూటర్ నేర్చుకున్నాను. తొలినాటి కంప్యూటర్ల చిల్లుల కార్డులకు మగ్గం అట్టలే దారి చూపాయని అక్కడ మా సారు చెప్పిన రోజు, తరగతిలో తల వంచుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే. తిరిగొచ్చి అత్త అట్టలన్నీ చిల్లు చిల్లూ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ లేని వరుస దగ్గర చేయి ఆగింది. సరిచేస్తే నీకెట్లా తెలుసని అడుగుతారని, గుడ్డి నెమలినే ఎక్కించాను. ఫ్లాపీ తీసుకెళ్లి చూపిస్తే అత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గన్ని అట్టలు గింత బిళ్లల ఎట్ల పట్టినయ్‌రా? చిల్లులేడున్నయ్?"

"కనబడవత్తా."

"కనబడకుంటే, పోయినా తెల్వదు గదరా."

నేను నవ్వాను. ఫ్లాపీలు పట్టే కంప్యూటర్లు పోయినప్పుడు ఆ నెమలిని సీడీకి మార్చాను, అక్కడా గుడ్డిదాన్నే మార్చాను. ఈరోజుతో అదీ పోయింది.

మధ్యాహ్నం బస్సుకు వనపర్తి పోయాను. అత్త అక్కడ కూతురింట్లో ఉంటోంది. ఆ రోజు అమ్ముడుపోని చీర ఆమె పెట్టెలోనే ఉంది. ఆ నెమలి ఇప్పుడు ఇంకెక్కడా లేదు. అట్టలు పోయిన సంగతి ముందు చెప్పాను. తర్వాత ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, తొమ్మిదేళ్లప్పటి సంగతి చెప్పాను.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వా?" అంది. "మరి గప్పుడే చెప్పకపోతివేందిరా? నేను నిజంగనే కండ్లు పోయినయనుకుంటి. సూదిల దారం ఎక్కియ్యనీకి గూడ పక్కింటోళ్లను పిలుస్తుంటి."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆమె మీద ఆ మాట వేసిన సావుకారు లేడు, విన్న నాన్న లేడు, నవ్విన నల్లా దగ్గరి వాళ్లు లేరు, మా వీధిలో ఇప్పుడు ఒక్క గుంత మగ్గమూ లేదు. చెప్పవలసిన వాళ్లెవరూ మిగలలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను: నర్సమ్మ కండ్లు పోలేదు. అట్ట తీసింది నేను.

చీర పరిచి, భూతద్దం పెట్టి, పోగులు లెక్కపెట్టి గళ్ల కాగితం మీద వేయడం మొదలుపెట్టాను. వరుసలన్నీ వేయడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలియదు, ప్రతి ఆదివారం వస్తానని చెప్పాను. ముందుగా ఆ లేని వరుసే వేశాను. కన్ను ఎక్కడ పడాలో అత్త చీర మీద వేలు పెట్టి చూపించింది. ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న ఆమె పాత ఇనుప పలక మీద కొత్త అట్ట పరిచి, ఆమె ఉలితోనే చిల్లులు కొట్టి ఇచ్చాను. ఆమె దాన్ని గుమ్మంలోని ఎండకు ఎత్తింది. గోడ మీద చుక్కలు పడ్డాయి. కళ్లు చికిలించి చూసింది, తర్వాత వేలితో తడిమింది.

"కన్ను పక్కకు పోయింది. మళ్ల గొట్టు."

ఇంకో అట్ట తీసి పలక మీద పరిచాను.