పాత గొంతు పరీక్ష

ఆ లైన్‌మన్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ ఇంటికి ఫోను లైను వేసినా అవతలి మనిషి మాట్లాడి, ఇవతలి మనిషి విని, ఇద్దరూ బాగుందని ఒప్పుకునేదాకా గడప దిగడు. "వినపడుతోందా?" అనేది ఆయన ఊతపదం. ముప్పయ్యేళ్లుగా నోట్లో నానిన మాట కావడంతో చేతిలో ఫోను లేకపోయినా అదే ఊడిపడేది. భార్య కూర వడ్డిస్తే "వినపడుతోందా?" అనేవాడు. ఓసారి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన నోరు తెరవకముందే "వినపడుతోందా?" అని అడిగి, డాక్టర్నే రోగిని చేసి కూర్చోబెట్టాడు. ఆఫీసులో అందరికీ ఆయన 'వినపడుతోందా బాబాయ్'.

రాగి తీగలు పీకేసి ఇంటింటికీ ఫైబరు వేసే పని మొదలయ్యాక జబ్బు ముదిరింది. ఫైబరు డబ్బా మీద పచ్చ లైటు వెలిగితే పని అయిపోయినట్టే. మిగతావాళ్లు రోజుకి ఎనిమిదిళ్లు చుట్టబెడుతుంటే బాబాయ్ మూడిళ్ల దగ్గరే చతికిలబడేవాడు.

"పచ్చ లైటొచ్చిందిగా బాబాయ్!" అని ఆయన పైఅధికారి ఇంజనీరమ్మ తల పట్టుకునేది.

"అది వెలుగొచ్చిందని చెప్తుంది మేడమ్. మాటొచ్చిందని మనిషే చెప్పాలి."

"ఏదో ఒక నంబరుకి చేసి వచ్చేయండి."

"తెలియని గొంతైతే సరిగ్గా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పాత గొంతు కావాలి."

ఇంజనీరమ్మకి ఆయనంటే ఇష్టమే. కొత్తలో ఆమె తీగల పెట్టె ముందు బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఏ తీగ ఏ ఇంటిదో నేర్పింది ఆయనే. కానీ పైనుంచి ఉత్తరం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి రాగి లైన్లు ఆపేస్తారు. ఆలోగా తన వీధి పూర్తి చేయకపోతే ఆయన్ని స్టోర్‌రూములో కూర్చోబెట్టాలి. సంతకం చెయ్యాల్సింది ఆమె. అక్కడ తీగల చుట్టలు తప్ప పలకరించే ప్రాణి ఉండదు. బాబాయ్ అక్కడ వారం కూడా తట్టుకోలేడని తలుచుకుంటేనే ఆమెకి దిగులేసింది.

శుక్రవారం మూడయ్యేసరికి రెండిళ్లు మిగిలాయి. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. ఒకదాంట్లో అక్క, ఇంకోదాంట్లో చెల్లి. తల్లి కుట్టుమిషను ఎవరికి చెందాలన్న తగువుతో పదకొండేళ్లుగా మాటల్లేవు. మిషను అక్క దగ్గర, దాని స్టాండు చెల్లి దగ్గర. ఇద్దరూ కుట్టింది లేదు.

ఇంజనీరమ్మ ఉత్తరం సంచిలో పెట్టుకుని పరుగున వచ్చేసరికి రెండిళ్లలోనూ పచ్చ లైట్లు వెలుగుతున్నాయి. బాబాయ్ మాత్రం అక్కగారి హాల్లో రిసీవరు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"పక్కింటికి కలిపానమ్మా. ఒక్కసారి మాట్లాడి చెప్పండి."

"దానితోనా? చచ్చినా మాట్లాడను."

"రూలమ్మా. పాత గొంతుతోనే పరీక్ష చెయ్యాలి. మీకు చెల్లెలికంటే పాత గొంతు ఇంకెవరిది?"

అక్కగారు ఇంజనీరమ్మ వైపు తిరిగింది. "ఆఫీసరమ్మవి, నువ్వు చెప్పు. నిజంగా అలాంటి రూలుందా?"

ఇంజనీరమ్మకి అప్పుడు వెలిగింది. మందుల కొట్టాయన ఇంట్లో పరీక్ష యాభై నిమిషాలు, మేడ మీది టీచరమ్మ ఇంట్లో గంటంపావు. బాబాయ్ రాసిచ్చిన ఆ లెక్కల కాగితాలు చూసి తనే చెడామడా తిట్టింది. అవతలి నంబర్లు ఎవరివో, అలిగి వెళ్లిన కొడుకువో, దూరమైన స్నేహితురాలివో, ఒక్కనాడూ చూడలేదు. ఆమెకి సిగ్గేసింది.

రూల్సు పుస్తకం ఆమెకి కంఠతా వచ్చు. అలాంటి రూలు అందులో మచ్చుకైనా లేదు. బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఉందండీ," అంది ఇంజనీరమ్మ. "పదిహేడో రూలు. మాట్లాడకపోతే లైను ఇవ్వడం కుదరదు."

అక్కగారు రిసీవరు లాక్కుంది. "నేనే. రూలంట, అందుకని చేశా."

"పదకొండేళ్లకి దొరికిందా నీకు రూలు?" చెల్లి గొంతు రిసీవర్లోంచీ, గోడ అవతలి నుంచీ కూడా వినిపించింది.

"గొంతు బాగానే వస్తోందయ్యా. పొగరు కూడా పిసరంత తగ్గకుండా వస్తోంది," అని అక్కగారు బాబాయ్‌కి రిపోర్టిచ్చింది. తర్వాత కాలితో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "సరేగానీ, నీ మోకాళ్లెలా ఉన్నాయే?"

ఇంజనీరమ్మా, బాబాయ్ చప్పుడు చేయకుండా బయటపడ్డారు. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయింది మేడమ్."

"తప్పేముంది, వీధి పూర్తయిందిగా." ఇంజనీరమ్మ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. "కానీ బాబాయ్, ఆ పదిహేడో రూలేమిటో కాస్త వివరంగా రాసివ్వండి. సోమవారం మిగతా లైన్‌మన్లందరికీ నేనే పాఠం చెప్పాలి."