నీలం తాడు

మా ఆళ్లగడ్డలో గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, కొన్నదాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. ఎద్దుల్ని, బర్రెల్ని, గొర్రెల్ని ఎక్కించుకుని తిరిగే బండ్లు మెయిన్ రోడ్డు మీద వరసగా ఉంటాయి. గుర్రం అనగానే ఆ డ్రైవర్లందరికీ ఏదో ఒక అర్జెంటు పని గుర్తొచ్చేది.

"గుర్రమా? అది ఒక తన్ను తన్నిందంటే నా బండి ఎనక డోరు యాడ పడ్తాదో! నా వల్ల కాదప్పా" అన్నాడొకడు. దారిలో పోలీసులు ఆపితే ఏం చెప్పాలని ఇంకొకడు అడిగాడు. స్టాండులో తోటి ఆటోవాళ్లకు ఇదంతా నవ్వులాట అయిపోయింది. "నీ ఆటోలోనే కూచోబెట్టుకోని రారా, సీటు మెత్తగా ఉంటాది" అన్నారు. నవ్వే ఓపిక నాకు లేదు. ఇంట్లో మంచం మీద నాయన ఉన్నాడు, ఆయన ఆ గుర్రం కోసం కాచుకుని ఉన్నాడు.

నాయన జట్కా తోలి మమ్మల్ని పెంచాడు. ఆటోలొచ్చి జట్కాల్ని మింగేశాయి. అందులో నాదీ ఒక ఆటో. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. జట్కా అమ్మేసి, గుర్రాన్ని మాత్రం పెళ్లిళ్లకు తిప్పుకునేవాడు. దర్గా వీధిలో పెళ్లయినా, రెడ్ల ఇంట్లో పెళ్లయినా పెళ్లికొడుకు ఎక్కేది మా గుర్రమే. నిరుడు అది చనిపోయింది. అప్పటినుంచి ఆయన ఖాళీ కొట్టానికి ఎదురుగా మంచం వేయించుకుని పడుకున్నాడు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని పక్కకు జరిపేవాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి రోగమేమీ లేదన్నాడు. రోగం లేకుండానే మనిషి కరిగిపోతుంటే ఏ మందు వేయాలో ఆయనా చెప్పలేదు.

ఆ కొట్టంలోకి ఇంకేదీ రానిచ్చేవాడు కాదు. నా ఆటో ఎండకు ఎండి, వానకు తడిసి టాపు చిరిగిపోతోంది, ఖాళీగా ఉన్న కొట్టంలో పెట్టుకుంటానంటే కొట్టినంత పని చేశాడు. "అది గుర్రం నిలబడే జాగా. డీజిల్ కంపు కొట్టిస్తావా?" అన్నాడు. చచ్చిన గుర్రం మళ్లీ లేచొస్తుందా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అలాంటి రోజుల్లో నంద్యాల నుంచి నాయన స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆయనా రైల్వే స్టేషన్ ముందు జట్కా తోలినవాడే. కొట్టం కూలగొట్టి బాడుగకు గదులు కడతామని కొడుకులు పట్టుబట్టారట. తెల్లని ఆడగుర్రం, వయసులో ఉంది, జనానికీ బ్యాండుకీ బెదరదు. "నీకైతేనే ఇస్తా అన్నా. ఇంకొకనికి ఇయ్యాలంటే నాకు చేతులు రావు" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన గడ్డం గీయించుకున్నాడు. నేను వద్దంటున్నా వినకుండా కొట్టం ఊడ్చి, ఇసుక పరిచి, పచ్చిగడ్డి తెప్పించాడు. శ్రావణం పెళ్లిళ్లకు ముందే తెచ్చుకోవాలని ఒకటే తొందర. రాత్రి అన్నం మళ్లీ పెట్టించుకున్నాడు. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

చివరికి బండి దొరికింది. చాగలమర్రి డ్రైవరు ఒకడు నంద్యాల మార్కెట్లో సరుకు దించి, మా ఊరి మీదుగానే ఖాళీగా వెనక్కి పోతాడు. వాళ్ల తాత కూడా జట్కా మనిషేనట, అందుకే ఒప్పుకున్నాడు. "ముసలాయన మాత్రం ఎనక నిలబడకూడదు. నా పక్కన కూచోవాల. గుర్రం కాడ నువ్వుండు" అని షరతు పెట్టాడు. నాయన అయిష్టంగానే సరే అన్నాడు.

మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పశువును అమ్మినవాడు దాన్ని కట్టిన తాడు ఇవ్వడు. తాడు పోతే దాని వెంట ఇంటికి కలిసొచ్చేదంతా పోతుందంటారు. కొన్నవాడు కొత్త తాడు తెచ్చుకోవాలి. నాయన అమ్మిన గుర్రాల తాళ్లన్నీ మా కొట్టం గోడకు ఇప్పటికీ వేలాడుతున్నాయి. అందుకని నంద్యాలలో దిగగానే ఆయన తాళ్ల అంగడికి నడిచాడు. నూలు తాడు కావాలన్నాడు. అంగడివాడు ఆయన్ని వింతగా చూసి, ఇప్పుడెవరు కొంటున్నారు పెద్దాయనా అని నీలం రంగు నైలాన్ తాడు కోసిచ్చాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నచ్చలేదు. అయినా చంకన పెట్టుకున్నాడు.

స్నేహితుడి ఇంటి ముందు పునాదులు తవ్విన మట్టి కుప్పగా పోసి ఉంది. డ్రైవరు బండిని వెనక్కి నడిపి ఆ మట్టికి ఆనించాడు. గుర్రం దానిమీదుగా నడిచి, చెప్పినట్టు విని, బండిలోకి ఎక్కింది. నాయన స్నేహితుడు, ఆ పెద్దాయన, లోపలికొచ్చి దాని మొగానికున్న పాత తాడు విప్పాడు. అది పాత చీరలు పేని అల్లిన తాడు, మెత్తగా అరిగిపోయి ఉంది. నాయన నీలం తాడు తగిలించి ముడివేశాడు. గుర్రం మాత్రం మెడ చాచి పెద్దాయన చేతిలోని తాడునే వాసన చూస్తోంది.

నాకు ఉండబట్టలేదు. "ఆ తాడు ఇంటికి చేరేదాకా ఉంచుదాం. రేపు నేనే తెచ్చిస్తా" అన్నాను.

నాయన మొగం ఎర్రబడింది. "నోరు ముయ్‌రా. అమ్మినోని తాడు అడిగేంత గతిలేనోళ్లమా?"

పెద్దాయన తల వంచుకున్నాడు. "అట్ల గాదప్పా, మా నాయన చెప్పిన మాట. తాడు మాత్రం ఇంటిది" అన్నాడు. కొట్టమే కూలిపోతున్న ఇంటికి ఇంకేం కలిసి రావాలో నాకర్థం కాలేదు. ఇద్దరు ముసలివాళ్లదీ ఒకటే పౌరుషం. తాడు చివర చేతికి చుట్టుకుని గుర్రం పక్కన నిలబడ్డాను.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. హైవే మీద లారీలు హారన్ కొడుతూ పక్కనుంచి పోతుంటే గుర్రానికి వణుకు పుట్టింది. మాటిమాటికీ తల విదిలించి ఆ తాడును వదిలించుకోవాలని చూసింది. మెడ నిమిరాను, నాయన పిలిచినట్టే నాలుకతో చప్పుడు చేశాను. నా చేతి వాసన దానికేం తెలుసు? ఒళ్లంతా చెమట పట్టి తాడు తడిసిపోయింది. నాయన వేసిన ముడి జారడం నా జన్మలో చూడలేదు. కానీ అది నూలు తాడుకు వేసే ముడి. నైలాన్ మీద నిలవలేదు.

శిరివెళ్ల దాటాక బండి స్పీడు బ్రేకర్ ఎక్కి దిగింది. గుర్రం ముందుకాళ్లు ఎత్తింది. తాడు చెవుల మీదుగా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. మరుక్షణం గుర్రం పక్క చెక్కల మీదుగా రోడ్డు మీద పడింది.

లేవాలని చూసింది. ముందుకాలి కింది ఎముక విరిగి వేలాడుతోంది. నాయన బండి దిగి రోడ్డు మీదే చతికిలపడి దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏం గాలే తల్లీ, ఇంటికి పోతాండాం, దగ్గర్లోనే ఉండాం" అని చెబుతూనే ఉన్నాడు. పశువుల డాక్టరు వచ్చాడు, చూశాడు, నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు ముందే తెలుసు. ఇంజెక్షన్ వేసేటప్పుడు కూడా నాయన ఆ తల వదల్లేదు. రోడ్డు పక్క చేని రైతు ఒకాయన తన బీడులో పూడ్చుకోమన్నాడు. ఆయన మంచితనానికి దండం పెట్టాలని కూడా నాకు తోచలేదు.

మరుసటి రోజు నంద్యాల బస్సు దిగి పెద్దాయన వచ్చాడు. చేతిసంచిలోంచి పాత తాడు తీసి మంచం మీద పెట్టాడు. "తీసుకో అన్నా. నిన్ననే ఇచ్చింటే..." అని, మాట పూర్తి చేయలేక ఏడ్చాడు.

నాయన తాడును ముట్టుకోలేదు. "నీ ఇంటిది. తీసుకపో" అన్నాడు. అంత జరిగాక కూడా అదే కట్టుబాటు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద జాలీ పొంగింది, రెండూ ఒక్కసారే.

పెద్దాయన్ని బస్టాండు దాకా నా ఆటోలో దింపాను. దిగేటప్పుడు సంచి నా ముందుకు చాచాడు. "నువ్వయినా తీసుకో నాయనా" అన్నాడు. నిన్న నోరు తెరిచి అడిగినవాణ్ణి నేనే. ఈరోజు చెయ్యి రాలేదు. ఆ తాడు కట్టడానికి మా ఇంట్లో ఏముంది? ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి పోయాడు.

నేను ఇంటికొచ్చేసరికి వాన మొదలైంది. కొట్టం గోడకు పాత తాళ్ల పక్కన నీలం తాడు తగిలించి ఉంది. మిగతావన్నీ మా కొట్టంలో మేత మేసి పోయిన గుర్రాలవి. దీని గుర్రం మా గడప కూడా చూడలేదు. కింద పరిచిన ఇసుక మీద కాలి గుర్తు ఒక్కటీ లేదు, పచ్చిగడ్డి అలాగే వాడిపోయి ఉంది. నాయన మంచాన్ని కొట్టం వైపు నుంచి తిప్పి, గోడకు మొగం పెట్టి పడుకున్నాడు. ఆటో చప్పుడు విని కూడా ఇటు తిరగలేదు.

"వానకు తడుస్తాంది. ఆటో కొట్టంలో పెట్టుకో పోరా" అన్నాడు.