మామిడి కొత్త వాయిదా పడిన ఏడు

మా అత్త పోయిందని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను ముంచింగిపుట్టు సంతలో చింతపండు తూకం వేయిస్తున్నాను. "అమ్మ లేదు" అంది. ఊఁ అన్నాను. తూకంలో ఉన్న బుట్టను దింపించి, జీపులు ఆగే చోటికి నడిచాను. దారి పొడుగునా మామిడి చెట్లు పిందె కట్టి ఉన్నాయి. పొద్దున వచ్చేటప్పుడు వాటిని నేను చూడలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు అవి తప్ప మరేమీ కనిపించలేదు.

నేను బడికి వెళ్ళినవాణ్ని కాను. కాఫీ బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాసుకోవడం తప్ప మరో రాత నాకు అలవాటు లేదు. ఆవిడ గురించి నన్నే రాయమని మా అమ్మాయి పట్టుబట్టింది. తనైతే ఏడుస్తుందట, నేనైతే ఉన్నదున్నట్టు రాస్తానట. అలాగే రాస్తున్నాను.

అత్త మా నాన్నకు సొంత చెల్లెలు. నేను పుట్టినప్పుడూ అత్తే, వాళ్ళమ్మాయిని చేసుకున్నాకా అత్తే. ముక్కుకు మూడు పోగులు, నోట్లో అడ్డపొగ చుట్ట. నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, అది ఆరకుండానే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. నేనూ మా ఆవిడా కాఫీ తోటలకనీ సంతలకనీ పోతే, మా అమ్మాయి ఆవిడ వీపు మీదే పెరిగింది. పిల్లను హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో వేసినప్పుడు, ఆదివారం వచ్చిందంటే చోడి రొట్టె, అంటే రాగి రొట్టె, మూట కట్టుకుని కొండ దిగేది. చూసి వచ్చాక పిల్ల ఎలా ఉందని అడిగితే "నీకన్నా ఎక్కువ మాటాడతంది అల్లుడా" అనేది. మాట్లాడనివాణ్నని నా మీద ఆవిడకు ఎప్పుడూ ఫిర్యాదే.

మా ఊళ్ళ కట్టు తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. ఏ పంటనైనా కొత్త చెయ్యకుండా మేం తినం. చిక్కుడుకు ఒక కొత్త, కొర్రలకు ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. ఊరి దేవతకు పెట్టి, ఇంట్లో పోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే మన నోటికి. అప్పటి దాకా కాయ రాలి కాళ్ళ దగ్గర పడినా తప్పుకుని నడుస్తాం. మా ఊళ్ళో ఈ కట్టుకు కాపలా మా అత్త. అనుమానం వస్తే పిల్లల్ని దగ్గరకు లాక్కుని నోరు వాసన చూసేది. "ఆగి తింటే తిండి. ఆగకపోతే మేత" అనేది. ఆ మాట వినకుండా మా ఊళ్ళో పెరిగిన పిల్లలెవరూ లేరు.

కిందటేడు మా అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. మా ఊరి నుంచి అంత చదువు చదివింది అదే మొదలు. యూనివర్సిటీలో పట్టాలిచ్చే రోజు, ఊళ్ళో పెద్దలు మామిడి కొత్తకు పెట్టుకున్న రోజు ఒకటే అయ్యాయి. కొత్తనాడు మా అత్త ఊళ్ళో లేకపోవడం ఎప్పుడూ జరగలేదు. నువ్వు ఉండిపో, ఫోటోలు చూపిస్తామని మా ఆవిడ అంది. అత్త నేరుగా పెద్దల దగ్గరకు వెళ్ళి, పండగ వారం రోజులు వాయిదా వెయ్యమంది.

పూజారికి కోపం వచ్చింది. ఒక గుంట కోసం, ఒక ఆడపిల్ల కోసం ఊరి పండగ ఆపుతారా అన్నాడు.

"మామిడికాయ సెట్టు మీదే ఉంటాది, పారిపోద్దేటి" అంది అత్త. "గుంటకి ఆ నల్లకోటు మల్లీ ఎయ్యరు."

వాదన చాలాసేపు సాగింది కానీ, చివరికి జరిపారు. అది తెలిసిన నాటి నుంచీ ఊళ్ళో పిల్లలు చెట్ల కింద నిలబడి పైకి చూస్తూ మా అమ్మాయిని తిట్టుకున్నారు. ఒకడు నా ఫోన్ లాక్కుని, "ఓలప్పా, బేగి ఆ పట్టా పుచ్చేసుకో, నోరూరి సచ్చిపోతన్నాం" అని దానికే చెప్పాడు.

రైలెక్కడం అత్తకు అదే మొదలు. సొరంగం వచ్చినప్పుడల్లా టూరిస్టులు ఈలలు వేసి కేకలు పెడుతుంటే, "సీకటంటే అంత బయమేటి ఈళ్ళకి" అంది.

లోపలికి ఇద్దరికే పాసులు. మా ఆవిడా అత్తా వెళ్ళారు. నేను బయట షామియానా కింద కూర్చుని తెర మీద చూశాను. అమ్మాయి పేరు పిలవగానే అత్త లేచి నిలబడిందట. వెనకవాళ్ళు కూర్చోమంటే, గుంట నిలబడి ఉంటే నాను ఎలా కూకుంటాను అని, అది మెట్లు దిగేదాకా కూర్చోలేదట.

బయటికి వచ్చాక పిల్లలంతా ఒక్కసారిగా టోపీలు పైకి విసిరారు. ఫోటో కోసం అలా చేస్తారని నాకు తర్వాత తెలిసింది. అత్తకు అది నచ్చలేదు. నెత్తిన పెట్టుకున్నదాన్ని నేలకేసి కొడతారేటని గొణుక్కుంటూ, గడ్డిలో పడ్డ టోపీలన్నీ ఏరింది. ఒక్కోదాన్నీ చీర కొంగుతో తుడిచి, ఎవరు కనిపిస్తే వాళ్ళ నెత్తిన పెట్టింది. పొడుగు కుర్రాళ్ళు ఆవిడ ముందు మోకాళ్ళు వంచి నిలబడ్డారు. ఎవరి టోపీ ఎవరికి వచ్చిందో పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆ రోజు తీసిన ఫోటోల్లో పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా దాచుకున్నది ఆవిడ టోపీ పెడుతున్న ఫోటోనేనట.

సాయంత్రం మా అమ్మాయి స్నేహితులు మమ్మల్ని బీచికి తీసుకెళ్ళారు. అత్త అలల దాకా నడిచి, పాదాలు తడుపుకుని వచ్చింది. ఇంతలో మా అమ్మాయి హాస్టల్ గదిలో తోడుండే శ్రీకాకుళం పిల్ల, బండి దగ్గర ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు కాగితాల్లో కట్టించి తెచ్చింది. అందరికీ పంచి, మా అమ్మాయి చేతిలో పెద్ద పొట్లం పెట్టింది.

"మామ్మగారూ, మార్చి నెలొస్తే మీ మనవరాలు సాయంత్రాలు ఇక్కడే. ఇది లేకపోతే చదువే ఎక్కదంటాది" అంది నవ్వుతూ.

మా ఆవిడ తల వంచుకుంది. అమ్మాయి పొట్లాన్ని వెనక్కి దాచింది. ఆ పిల్ల కోసమే ఊరు ఊరంతా కాయ ముట్టకుండా కూర్చుని ఉంది. ఏటేటా పండక్కి వచ్చి, అమ్మమ్మ చేతి ముక్కను మొదటిసారి తిన్నట్టే తినేది. ఇప్పుడు నిలబడ్డ చోటే ఎండిపోయినట్టయింది పిల్ల.

"ఎప్పట్నుంచే?" అంది అత్త.

"ఇక్కడికొచ్చిన ఏడు నుంచే, అమ్మమ్మా. అందరూ తింటంటే…" అని ఆగిపోయింది.

అత్త చుట్ట వెలిగించబోయింది. గాలికి అగ్గిపుల్ల నిలవలేదు. మళ్ళీ గీయకుండా పెట్టె మూసి రొంటిన దోపుకుంది. ఇంత అవమానం ఆవిడ ఊరికే వదలదని నేను అనుకున్నాను.

"బాగుంటాదా?" అంది.

"ఏటి?"

"ఆ కారం ఏసిన కాయ. బాగుంటాదా?"

అమ్మాయి తలూపింది.

"అయితే తిను. ఊరు దాటినోల్లకి ఊరి కట్టు ఎలా కడతాం. నీ వంతు నాను ఆగుతాను."

శ్రీకాకుళం పిల్లకు సంగతి తెలిసి ముఖం చిన్నబోయింది. తన పొట్లం మడిచేసింది. మిగతా పిల్లలూ మడిచేశారు. మీకేటొచ్చింది, మీరు తినండర్రా అని అత్త కసిరినా ఎవరూ తినలేదు. మడిచిన పొట్లాలు పట్టుకుని అందరం ఇసకలో చాలా దూరం నడిచాం. చివరికి ఆవిడే కాల్చిన జొన్నపొత్తుల బండి చూపించి, జొన్నలకి కొత్త ఎప్పుడో అయిపోయింది, ఇదైతే తినొచ్చు అంది. అప్పుడు గానీ పిల్లలు నవ్వలేదు.

వారం తర్వాత ఊళ్ళో కొత్త జరిగింది. అత్త అమ్మాయిని ముందుకు లాగి దేవతకు దండం పెట్టించింది. పిల్లలందరి ఎదుటా, "పట్నంలో ఉండి ఇది ఆగింది. ఊల్లో ఉండి మీరు ఆగలేరేటి" అని గదమాయించింది. ఎవరి నోరైనా వాసన చూసి నిజం బయటపెట్టే మనిషి, ఆ అబద్ధం చుట్ట కదలకుండా చెప్పింది. నేను ఆవిడ వైపు చూస్తే, "అబద్దమేటి అల్లుడా, నాను ఆగింది దాని వంతే కదా" అంది మెల్లగా. నేను ఊఁ అన్నాను. ఆ రోజు ఇంకొక్క మాటైనా అని ఉండవలసింది అని ఇప్పుడు అనిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు నాతో అలా మెల్లగా మాట్లాడేవారు లేరు.

అమ్మాయికి విశాఖపట్నం దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఈ ఏడు చలి తగ్గేసరికి అత్త మంచం పట్టింది. అంబలి తప్ప లోపలికి పోలేదు, దానికీ రుచి తెలియడం లేదనేది. నర్సమ్మ వచ్చి చూసి, ఏది తినాలనిపిస్తే అది పెట్టమంది. నోటికి పులుపు తగిలితే బాగుండునని అత్త ఒకసారి పైకే అంది. సెలవు పెట్టి వచ్చిన మా అమ్మాయి ఆ మాట విని, పట్నం నుంచి మామిడికాయ తెప్పించింది. పప్పులో వేసి గిన్నె పట్టుకుని మంచం దగ్గర కూర్చుంది.

"కొత్త అవ్వలేదు కదే" అంది అత్త.

"ఈ ఏడు నేనింకా ముట్టుకోలేదు అమ్మమ్మా. నీ వంతు నేను ఆగుతాను. నువ్వు తిను."

అత్త గిన్నె వైపు చూసింది. వాసన పీల్చింది కూడా. ఆ తర్వాత గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"ఇద్దరం ఆగుదాం" అంది.

మర్నాడు అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులకు నాకు సంతలో ఫోన్ వచ్చింది.

ఈ ఏడు మామిడి కొత్త అనుకున్న రోజునే జరిగింది. వాయిదా అడిగేవాళ్ళు లేరు. అమ్మాయి తన శ్రీకాకుళం స్నేహితురాలిని వెంటబెట్టుకుని తెల్లారే బస్సుకు వచ్చింది. పూజారి దేవతకు పెట్టాడు. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి పెద్దలకు అడ్డతీగ ఆకు పరిచి పెట్టుకుంటారు. ఇన్నేళ్ళూ మా ఇంటి ఆకు మీద ముక్క పెట్టింది మా అత్తే. ఈ ఏడు ఆ ఆకు ఆవిడది.

మా ఆవిడ కత్తి చేతిలోకి తీసుకుని, కొయ్యలేక అమ్మాయికి ఇచ్చింది. అమ్మాయి కాయ కోసి ముక్కలు ఆకు మీద పెట్టింది.

"అంత పెద్ద ముక్కలు పెడతావేటే, అమ్మకి పల్లేవి" అంది మా ఆవిడ.

అమ్మాయి ఆ ముక్కలు తిరిగి తీసుకుని సన్నగా తరగడం మొదలుపెట్టింది. కాగితమంత పల్చగా తరిగి ఒక్కోటీ ఆకు మీద పరిచింది. వాటిలోంచి కింద ఆకు ఈనెలు కనిపిస్తున్నాయి. పూజారి ఇక తినవచ్చన్నాడు. పిల్లలు కాయల మీద పడ్డారు. ఊరంతా తింటోంది. శ్రీకాకుళం పిల్ల తన ముక్క చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. మా అమ్మాయి ఇంకా తరుగుతూనే ఉంది.