ఎండ పడని బొట్టు

నా స్టూడియో కంప్యూటర్లో ‘బొట్లు’ అని ఒక ఫోల్డరు ఉంది. గుండ్రనివి, కోలవి, నిలువు కుంకుమ గీత, చిన్న స్టిక్కరు, అన్నీ కలిపి ముప్పై దాకా ఉంటాయి. ఏలూరులో ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. పీటల మీద పొగకీ చెమటకీ పెళ్ళికూతురి బొట్టు చెదిరిపోతుంది. పాత ఫోటో పెద్దది చేయించుకోవాలని తెచ్చేవాళ్ళకి వాళ్ళమ్మ నుదుట బొట్టు ఉండాల్సిన చోట మరక మిగిలి ఉంటుంది. అప్పుడు ఆ ఫోల్డరు తెరిచి ఒకటి తీసి అతికిస్తాను. రంగు రెండు మెట్లు తేల్చడం, మచ్చ తుడవడం, బొట్టు సరిచేయడం, ఈ మూడూ నేను ఆలోచించి చేసే పనులు కావు. అన్నం కలుపుకున్నంత సులువుగా చెయ్యి చేసుకుపోతుంది.

సాకు కోసం ఇది చెప్పడం లేదు. చెయ్యి అలవాటు అంటున్నాను గాని, ఆ చెయ్యి నాదే.

పెళ్ళితో సంబంధం లేని ఫోటో, ఒక మనిషి ముఖం మాత్రమే ఉన్న ఫోటో, నాదని చెప్పుకోగలిగింది ఒక్కటి గోడ మీద చూసుకోవాలని చాలాకాలంగా ఉండేది. మా చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లం కొందరం కలిసి ఏటా తాడేపల్లిగూడెంలో చిన్న ప్రదర్శన పెడతాం. ఏ ఫోటో గోడెక్కాలో చెప్పేది ఆ ఊళ్ళోనే ఉండే ఒక పెద్దాయన. ఫిల్ము కాలం మనిషి. ఆదివారం పొద్దున్న ఆయన వరండాలో బల్ల మీద ప్రింటు పెట్టాలి. ఫోనులో చూపిస్తే చూడరు. ముందు ప్రింటుని తలకిందులుగా తిప్పుతారు. ముఖం అందానికి మోసపోకుండా వెలుగు ఎక్కడ పడిందో చూడాలంటే అదే దారి అంటారు. రెండేళ్ళు వరసగా నావి తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశారు.

“ఇదీ పెళ్ళి ఫోటోయేనయ్యా. పెళ్ళికొడుకుని పక్కకి జరిపావంతే,” అన్నారు రెండోసారి.

మూడో ఏడు నాకొక మంచి మోడల్ దొరికారు. ఆ గూడెంలోనే ఒక బడిలో లెక్కల టీచరు. ఏలూరులోని ఒక చీరల కొట్టు వాళ్ళు తమ ఆన్‌లైన్ పేజీ కోసం సెలవు రోజుల్లో ఆవిడ చేత చీరలు కట్టించి ఫోటోలు తీయిస్తుంటే, తీసింది నేనే. కెమెరా ఎదురుగా ఉందన్న సంగతే పట్టని ముఖం ఆవిడది. చామనఛాయ. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే మిగిలిన గీత. ఇంట్లో ఆవిడా, మామ్మగారూ ఇద్దరే. తరాల నాటి క్రైస్తవ కుటుంబం. చీరల ఫోటోలకి కొట్టువాళ్ళు బొట్టు పెట్టుకోమంటే పెట్టుకునేవారు గాని, మామూలుగా ఆవిడ నుదురు ఖాళీగానే ఉంటుంది.

ప్రదర్శన కోసం ఒక ఫోటో కావాలండీ, మీరు మీలాగే ఉంటే చాలని అడిగాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

“ఒక్కటే షరతండీ. చీరల ఫోటోలంటే చీర కోసం, అవెలా ఉన్నా నాకు పట్టింపు లేదు. ఇది నా ముఖం కదా. ముందు నేనూ మా మామ్మా చూడాలి. మేం సరేనన్నాకే ఇంకొకళ్ళకి.”

“తప్పకుండానండీ,” అన్నాను. ఇంత చిన్న మాటా అనుకున్నాను కూడా.

ఒక శనివారం ఆవిడ పొద్దున్నే రైల్లో ఏలూరు వచ్చారు. నేనూ మా ఆవిడా స్టేషనులో ఎక్కించుకుని కొల్లేరు వెళ్ళాం. చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద ఒకచోట దిగాం. నీళ్ళన్నీ వెండిలా ఉన్నాయి. ఒడ్డున దోనె కట్టేసి ఉంటే అడిగి అందులో టీచరుగారిని కూర్చోబెట్టాను. తీరా చూస్తే ముఖం మీదికి వెలుగు తిప్పే రిఫ్లెక్టరు ఇంట్లోనే మర్చిపోయాను. పక్కన చేపలు ఐసులో సర్దుతున్నవాళ్ళ దగ్గర తెల్లటి థర్మాకోల్ పెట్టె మూత ఒకటి అడిగి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను.

“పెళ్ళిళ్ళకైతే గొడుగులూ లైట్లూను. టీచరుగారికి చేపల మూతా?” అంది మా ఆవిడ, దాన్ని మొహానికి దూరంగా పట్టుకుని.

“పర్లేదక్కా. ఈ వాసనతో ఇంటికెళ్తే మా మామ్మ పులుసేదని అడుగుతుందంతే,” అన్నారు టీచరుగారు.

గాలి తిరిగినప్పుడల్లా మూత వాసన ఆవిడ ముఖాన కొట్టేది. ఆవిడ ముక్కు మూసుకునేవారు, మా ఆవిడ నవ్వేది, దోనె ఊగేది. “కదలకండీ” అనడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. ఇరవై ఏళ్ళలో ఫోటోలు తీస్తూ అంతలా నవ్విన రోజు ఇంకోటి గుర్తు లేదు. నవ్వుల మధ్యలో ఒకసారి ఆవిడ నీళ్ళకేసి చూస్తూ ఊరుకున్నారు. పక్కనుంచి ఎండ. అదే నా ఫోటో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే దాన్ని కంప్యూటర్లో తెరిచాను. గంటలో అయిపోయింది. రంగు తేలింది, కనుబొమ్మ మీద గీత పోయింది, నుదుట చిన్న ఎర్ర బొట్టు వచ్చింది. ఒక్కదానికీ నా చెయ్యి ఆగలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరైనా బాగుందంటే వినాలని ప్రాణం కొట్టుకుపోయి, మా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని కింద రాశాను గాని, నాకు కావలసింది అభిప్రాయం కాదు, పొగడ్త. అది దండిగానే వచ్చింది. స్కిన్ టోన్ సూపరండీ అని ఒకరు, ఈసారి గోడ మీదే గురూ అని ఒకరు. అన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను.

“టీచరుగారేమన్నారు?”

“ఇంకా పంపలేదు.”

“మాటిచ్చారు కదండీ.”

“వీళ్ళు బయటివాళ్ళేంటి, ఫోటోగ్రాఫర్లే కదా.”

మా ఆవిడ లేచి వెళ్ళి బియ్యం కడగసాగింది.

మర్నాడు ఆదివారం. పెద్ద ప్రింటు చుట్ట చుట్టుకుని గూడెం వెళ్ళాను. పెద్దాయన ప్రింటుని తలకిందులుగా తిప్పారు. చాలాసేపు చూశారు. ఈసారి గోడ ఖాయమనుకున్నాను.

“చెంప మీద ఎండ ఉంది. ముక్కు మీద ఉంది. నుదుటి మీద ఉంది. బొట్టు మీద లేదేమయ్యా?”

వంగి ప్రింటుకేసి చూశాను. నిజమే.

“పెట్టింది ఆ అమ్మాయా, నువ్వా?”

“నేనేనండీ.”

“ఈ ఫోటో ఆవిడ చూసిందా?”

“చూశారండీ,” అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆయన ప్రింటుని మామూలుగా తిప్పి నావైపు జరిపారు. “అయితే ఆవిడకి పట్టింపు లేదేమో. నాకుంది.”

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే ఫోను మోగింది. టీచరుగారు.

“ఏవండీ, ఇప్పుడే చర్చి నుంచి వచ్చాం. అక్కడ మా స్కూలు సైన్సు టీచరు ఒక ఫోటో చూపించారండీ. వాళ్ళాయన మీ గ్రూపులో ఉన్నారట.” ఆవిడ గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది. దానికే భయమేసింది. “మా మామ్మ మిమ్మల్నోసారి రమ్మంటోంది.”

గూడెంలోనే ఉన్నానని చెప్పి నేరుగా వాళ్ళింటికి నడిచాను. మామ్మగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నా చేతిలో ప్రింటు తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“ఎవరు బాబూ ఈ పిల్ల? మనదాని పోలికే ఉంది. రక్తం బాగా తక్కువున్నట్టుంది పాపం. టానిక్కు పట్టించారా?”

టీచరుగారు నవ్వు ఆపుకోలేక తలుపు వైపు తిరిగారు. మామ్మగారు మాత్రం నవ్వలేదు.

“బొట్టు పెట్టుకునేవాళ్ళు మా చుట్టాల్లోనూ ఉన్నారు నాయనా. అది తప్పని నేననను. కానీ మా పిల్ల పెట్టుకోలేదుగా. నువ్వు పెట్టావు. అడగాలా వద్దా?”

“అడగాలండీ. అడగాలని కూడా తోచలేదు,” అన్నాను. అది నిజం.

“నాకు బొట్టు కన్నా ఇంకోటి కష్టంగా ఉందండీ,” అన్నారు టీచరుగారు. “నా ముఖం నాకంటే ముందు మీ గ్రూపంతా చూసింది. మీరు మాటిచ్చారు.”

తప్పయిపోయిందన్నాను. అంతటితో ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుందని, ఇప్పుడే పెద్దాయన దగ్గర ఇంకో అబద్ధం ఆడి వచ్చానని కూడా చెప్పేశాను. ఈ ఫోటో ఎక్కడా పెట్టనని, గ్రూపులోంచి తీసేసి ఎందుకు తీశానో కూడా రాస్తానని అన్నాను. అక్కడే కూర్చుని రాశాను.

మామ్మగారు నన్నోసారి ఎగాదిగా చూశారు. “మొత్తం ఎన్ని తీశావు? ఈ రక్తం లేనిదొక్కటేనా?”

చెయ్యి పెట్టకముందు అన్నిటినీ చిన్న సైజులో అచ్చు వేసి ఉంచుకున్నాను. అవి నా సంచీలోనే ఉన్నాయి. తీసి మంచం మీద పరిచాను. టీచరుగారు లోపలికెళ్ళి ఎర్ర పెన్ను తెచ్చుకున్నారు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటీ చూసి మూలన మార్కు వేయడం మొదలుపెట్టారు. నేను స్టూలు మీద ఫలితాల కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాను.

“ఇందులో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. పదికి మూడు. ఇది మీరు ‘గడ్డం పైకండీ’ అన్నప్పటిది, మెడ పట్టేసింది. సున్నా. ఇది...” నీళ్ళకేసి చూస్తున్న ఫోటో, గీతా చామనఛాయా అన్నీ ఉన్నది. “ఇది బాగుందండీ. ఎనిమిది. దీన్నా మీరు అలా చేసింది?”

నా జీవితంలో అంత సూటి విమర్శ వినలేదు. అంత హాయిగానూ ఎప్పుడూ కూర్చోలేదు. ప్రతి మార్కూ ఆ ముఖం సొంతదారే వేస్తున్నారు మరి.

మామ్మగారు మాత్రం ఒకదాన్ని పట్టుకుని వదల్లేదు. టీచరుగారు ముక్కు మూసుకుని, కళ్ళు చికిలించి, పడీపడీ నవ్వుతున్నది. మూలన మా ఆవిడ వేలు, మూత అంచు కూడా పడ్డాయి.

“మామ్మా, అందులో ముక్కే లేదు,” అన్నారు టీచరుగారు.

“ఉండాల్సిందంతా ఉంది,” అన్నారామె. తర్వాత నాతో అన్నారు. “ఏది పెట్టొచ్చో, అసలు పెట్టొచ్చో లేదో వచ్చే ఆదివారం చెప్తాం. ఆ ఎనిమిది మార్కులదీ ఇదీ రెండూ పెద్దవి చేసి ఆ పెద్దాయన దగ్గరికి పట్రా. మేమూ వస్తాం. ముందు నువ్వెళ్ళి నీ అబద్ధం సంగతి చెప్పుకో.”

వారమంతా ఆ రెండు ఫోటోల మీదా చెయ్యి పెట్టకుండా ఉండడమే నా పని. స్క్రీను మీది మచ్చ తుడిచే గుర్తు వైపు మౌసు రెండుసార్లు వెళ్ళింది. లేచి టీ తాగొచ్చాను.

ఆదివారం వాళ్ళకంటే అరగంట ముందే వెళ్ళి పెద్దాయనకి జరిగింది చెప్పాను. ఆయన విని, “నాకు తెలుసులేవయ్యా. చూసుంటే ఊరుకునే ముఖం కాదది,” అన్నారు.

టీచరుగారూ మామ్మగారూ ఆటోలో దిగారు. రెండు ప్రింట్లూ బల్ల మీద పెట్టాను. పెద్దాయన రెండిటినీ తిప్పి చూసి, నీళ్ళకేసి చూస్తున్నదాని మీద వేలు పెట్టారు. “ఇది ఫోటో. రెండోది బాగా నవ్వింది గాని, ఫోకస్ కంటి మీద లేదండీ, చెవి మీద పడింది.”

“చెవి మాత్రం దానిది కాదేంటండీ?” అన్నారు మామ్మగారు.

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు.

“మీరు చెప్పండమ్మా,” అన్నారు టీచరుగారితో. “ముఖం మీది.”

ఆవిడ రెండు ప్రింట్ల ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏదీ వద్దన్నా కిమ్మనకుండా చుట్టుకుని వెళ్ళిపోవాలని రైల్లోనే అనుకుని వచ్చాను.

“మంచి ఫోటో అంటే మీరన్నదేనండీ,” అన్నారావిడ చివరికి. “కానీ ఆ రోజు నేను ఇలాగే ఉన్నాను.” ముక్కు మూసుకున్నదాన్ని పెద్దాయన వైపు జరిపారు. “ఇది పెట్టండి.”

ఆయన ఫోటోలోని చెవి కేసి ఇంకోసారి చూసి, నిట్టూర్చి, దాన్ని తీసుకెళ్ళి లోపల ప్రదర్శన ఫోటోలుంచే బీరువాలో పెట్టారు.

స్టేషనుకి నడుస్తూ మా ఆవిడకి ఫోను చేశాను.

“టీచరుగారే ఒప్పుకున్నారా, మీరు బతిమాలారా?”

“నేను నోరెత్తలేదు. ఆవిడే జరిపారు. ముక్కు మూసుకున్నది.”

“నా వేలు పడింది, అదా?”

“అదే.”

“కోసేయకండి దాన్ని,” అంది.

“నిన్నడక్కుండా ఎలా కోస్తాను,” అన్నాను. అవతల నవ్వు వినబడింది, నా రైలు కూడా వస్తోంది.