కొసరు టికెట్టు

“అడిగితేనే ఇస్తరే. అడుగుడు నీకు రానే రాదు.”

“నాకెందుకు వస్తది? అడగనీకి నువ్వున్నవ్ కద.”

మా ఆయనకు, నాకు మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. నేను తలెత్తకుండానే, కొత్తిమీర కట్టల మీద నీళ్లు చల్లుకుంటూ అన్నాను. ఫస్టు షిఫ్టుకని రోడ్డు మీదికి పోయాడు. గడ్డపోతారం పోయే ఫ్యాక్టరీ బస్సు ఇంకా రాకముందే, బస్సు ఆగే చోట కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

మేము మాట్లాడుకున్నది పార్కు టికెట్ల గురించి. వచ్చే ఆదివారం పోదామనుకున్నాం. మాకు టికెట్టు సగం ధరకే వస్తుంది. అది కిటికీ దగ్గర అడిగి ఇప్పించుకోవాలి. ఎప్పుడూ ఆయనే అడిగేవాడు.

నేను మా మాటలో చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నాకు సంతకం ఒక్కటే వస్తుంది, బస్సు బోర్డులు కూడబలుక్కుంటాను. పుస్తకంలో ఉన్నట్టు రాస్తాను పెద్దమ్మా అంది, సరేనన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను.

ఆ సగం ధర మాకెందుకంటే, మేము ఓనర్లం. ఇల్లు మాది కాదు, పటాన్‌చెరులో ఇరవై ఏళ్లుగా కిరాయి ఇల్లే. మేము ఓనర్లమైంది ఒక వారానికి. సూపర్ మార్కెట్ ముందర పెట్టిన లక్కీ డ్రా డబ్బాలో మా ఆయన చీటీ రాసి వేశాడు. గిఫ్టు వచ్చింది, ఆలుమగలిద్దరూ రావాలి అని ఫోన్ వచ్చింది. పోతే చల్లటి హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. టై కట్టుకున్న పిల్లగాడు ఎదురుగా కూర్చుని, “మీరిద్దరే కలిసి చివరిసారి ఎక్కడికి వెళ్లారు సార్?” అని అడిగాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి పోయాం, అదీ ట్రాక్టర్ నిండా చుట్టాలతో. ఇద్దరమే పోయింది ఎక్కడికీ లేదు. మా ఆయనను పట్టేసింది ఆ ఒక్క ప్రశ్నే అనుకుంటాను. వాళ్లు తర్వాత చూపించిన రిసార్టు రూముల ఫోటోలేవీ ఆయన సరిగ్గా చూడనే లేదు.

నాకు అర్థం కాలేదంటే ఆయనే చెప్పాడు. “షేర్ ఆటో ఎక్కుతవ్ కద. నీ సీటు నీదే, దిగినంక ఇంకొకలది. గిది గూడ గంతే. ఏడాదికి ఏడు దినాలు ఆ రూము మనది. ఎనక ఇంకొకలది.”

హత్నూర దగ్గర తన పాలికి వచ్చిన చెలక అమ్మి ఆ వారం కొన్నాడు. ఊళ్లో నవ్వారు. మా బావ అయితే పెళ్లిలో పదిమంది ముందు అన్నాడు: “అందరు భూమి కొంటరు. మా తమ్ముడు భూమి అమ్మి వారం కొన్నడు.” మా ఆయన బువ్వ తింటూనే, “వారానికి పట్టా ఉంది అన్నా, నీ చెలకకే లేదు,” అన్నాడు. మళ్లీ నవ్వారు, కానీ ఈసారి మా బావ నవ్వలేదు.

కాగితాల్లో రెండు పేర్లు రాయించాడు. నాకు అప్పటికి సంతకం రాదని వాళ్లు వేలిముద్రకు సిద్ధమైతే, ఒక వారం గడువు అడిగి, చినిగిన క్యాలెండర్ కాగితాల వెనక నాతో పేరు దిద్దించాడు. ఈ వయసులో ఎందుకంటే, “ఓనర్‌వైతున్నవ్, జెర కష్టపడు,” అన్నాడు.

మా ఓనర్ల రూములున్న ఆవరణలోనే ఆ పార్కు ఉంది. పెద్ద చక్రాలు, నీళ్ల జారుడుబండలు, అలలొచ్చే కొలను. మా ఆయనకు ఆ కొలనే కావాలి. ఆయన పని మందుల ఫ్యాక్టరీలో. ఒంటికి ఆ వాసన పట్టేది, ఎంత తోమినా పోయేది కాదు. బస్సులో పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు. ఆ కొలనులో పొద్దంతా ఉండి వచ్చి, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టేవాడు. “సూడు. పోయింది.” ఆ నీళ్లలో కలిపే మందు వాసన వేరే వచ్చేది. అదీ మందేనయ్యా అంటే ఒప్పుకునేవాడు కాదు. రూములో మంచం మీద దుప్పటి ఎవరో పరిచిపెట్టేవారు. నా జన్మలో నాకు ఎవరూ పక్క పరచలేదు. తొలిసారి ఆ మంచం మీద కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు.

ఒక ఏడాది టికెట్ల కిటికీ దగ్గర, పండగ రోజులు కాబట్టి మెంబర్లకు తక్కువ ధర లేదన్నారు. మా ఆయన కదలలేదు. మేనేజర్ వచ్చేదాకా నిలబడి సాధించాడు. నేను సిగ్గుతో చెరుకురసం బండి వెనక్కి పోయాను. ఆ రోజు మేమిద్దరం పోట్లాడుకున్నాం.

“కొసరును కొట్లాడి తీసుకుంటరా ఎవరన్న?” అన్నాను.

“కొసరేంది? మన పైసలు వాళ్లు ముందుగాల తిన్నరు. మనం ఎనక తింటున్నం. అది మన హక్కు.”

నాకు కొసరు సంగతి తెలుసు. పదిహేనేళ్లుగా కాలనీ గేటు దగ్గర ఆకుకూరలు అమ్ముతున్నాను. రెండు కట్టలు కొన్నవాళ్లకు నాలుగు రెబ్బల కరివేపాకు వేస్తాను. రోజూ వచ్చేవాళ్లకు ఇంకో రెండు ఎక్కువ. ఫ్యాక్టరీ ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ ఉంది, సంచి పట్టుకుని, “ఏవమ్మా, కొసరు వెయ్యకుండా పంపిచ్చేస్తన్నావే?” అంటుంది. వేస్తాను. కానీ కరివేపాకు తక్కువైందని ఆవిడ నాతో తగువుకు దిగితే, మర్నాటి నుంచి నా చెయ్యి కొంచెం వెనక్కి పోతుంది. నాకు తెలియకుండానే పోతుంది. అందుకే మా ఆయన తగువు పడితే నాకు భయం.

ఆయన పోయాక ఏడాది కావస్తుండగా మా వారం వచ్చింది. పోవద్దనుకున్నాను. ఓనర్లమని మాకిచ్చిన కార్డు ఇప్పుడు చెల్లుతుందో లేదో కూడా తెలియదు. చెల్లదంటే, ఆయన నా పేరు కలిపి కొన్న ఒకే ఒక్కటి ఉత్తదైపోతుంది. పెళ్లిలో మా బావ అన్న మాటే నిజమైపోతుంది. కాదనిపించుకోవడం కన్నా అడగకపోవడమే నయమనిపించింది. ఇది రాస్తున్న మా చెల్లెలి బిడ్డే పట్టుబట్టి తీసుకుపోయింది. మాకు పిల్లలు లేరు, ఇదే మా పిల్ల.

కిటికీ వెనక ఒక ఆడపిల్ల ఉంది. కార్డు లోపలికి తోశాను.

“సార్ రాలేదా అమ్మా?”

“రాలే.”

“మెయిన్ మెంబర్ ఉంటేనే డిస్కౌంట్. సార్‌కి ఫోన్ కలిపియ్యుండ్రి, నేను మాట్లాడుత.”

ఫోన్ కలపమంటోంది. వెనక లైను పెద్దగా ఉంది. మా పిల్ల ముందుకు రాబోతే చేత్తో ఆపాను. ఆయన పోయిన మాట నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, అందరూ తెలిసే వచ్చారు. పూర్తి ధర కట్టి లోపలికి పోదామా అనుకున్నాను. కొంగున పైసలున్నాయి. కానీ ఈ రోజు కడితే ఇక ఎప్పటికీ కట్టాల్సిందే, అడిగే ధైర్యం మళ్లీ రాదు.

“సచ్చిపోయిండు బిడ్డా,” అన్నాను. “నేను గూడ ఓనర్‌నే. సూడు, రెండో పేరు నాది.”

ఆ పిల్ల నా ముఖం చూసింది, కంప్యూటర్ చూసింది. ఒక కాగితం బయటికి తోసి, “ఈడ సంతకం పెట్టమ్మా,” అంది. నా సంతకానికి టైం పడుతుంది. ఒక్కో అక్షరం దిగుతుంటే వెనక ఎవరో, “ఏందమ్మా, ఆస్తులు రాసిస్తున్నవా?” అన్నారు. ఆ పిల్ల తన దగ్గరున్న సంతకంతో సరిచూసి తలూపింది.

“మీకు, ఇంకో ఇద్దరు గెస్టులకు సగం వస్తది.”

వెనక అన్నది నా వయసు మనిషే, పార్కు పక్క ఊరామె, కోడలితో వచ్చింది. ఊరుకోలేదు.

“నీకెందుకు సగానికిస్తుండ్రు? సర్పంచ్‌వా ఏంది?”

“ఆకుకూరలు అమ్ముత. మా ఆయన ఎన్నడో పైసలు కట్టిండు.”

“మేం గూడ కట్టినట్టే. వీళ్లకొచ్చే బండ్లన్ని మా చేను పక్కపొంటి పోతయి. దుమ్మంత మా మక్కల మీదనే. మాకేమిస్తుండ్రు?”

“ఇయ్యాలె మరి.”

“ఇయ్యాలె అంటే అయితదా? నువ్వేమన్న ఓనర్‌వా?”

“వారం దినాలకు ఓనర్‌నే.”

ఆమె కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మేము వచ్చింది ఇద్దరం. ఒక గెస్టు మిగిలి ఉంది. “ఈమె మాతోనే,” అన్నాను కిటికీలోకి. ఆ పిల్లకు తెలుసు, కాదని. అయినా టికెట్టు కొట్టింది. ఆ ఊరామె వద్దు వద్దంటూనే, “నాకెందుకు, కోడలికియ్యి. దానికి నీళ్లంటే పానం,” అని తీసుకుంది. తన టికెట్టు తను పూర్తి ధరకే కొనుక్కుంది.

పొద్దంతా కొలను మెట్ల మీద కూర్చున్నాం, ఆమె, నేను. మా పిల్ల, ఆమె కోడలు నీళ్లలో ఉన్నారు. పుంటికూర ఏ నెలలో పులుపెక్కుతుందో మాట్లాడుకున్నాం. అల వచ్చినప్పుడు పాదాలు తడిసేవి. నాకు దిగులు రాలేదని చెప్పను. కానీ ఆ కిటికీ పిల్లను, ఆ ఊరామెను, చెలక అమ్మిన నా మనిషిని తలచుకుంటే మనసు నిండుగా ఉండింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా పిల్ల అడిగింది, ఓనర్లకు అట్లా తక్కువకు ఇవ్వడం న్యాయమేనా పెద్దమ్మా అని. నేను ఆలోచించే చెప్పాను. హాస్టల్ వంటామె నాకు నెల పైసలు ముందే ఇస్తుంది. ఆ పైసలతోనే నేను మార్కెట్‌లో సరుకు ఎత్తుతాను. ఆమెకు కట్ట ఎక్కువ ఇవ్వకపోతే నాది తప్పు. కాబట్టి మా ఆయన అన్నది నిజమే, ముందు ఇచ్చినవాళ్లకు రావాలి. మాటిచ్చాక పండగని ఎగ్గొట్టడం తప్పు. కానీ దుమ్ము మింగేవాళ్లకు కూడా రావాలి, వాళ్లకు కార్డు లేదు. వచ్చినదాన్ని నేను మాత్రం కొసరు లాగే తీసుకుంటాను, దండం పెట్టుకుని. ఇంకా రెండు ఆకులు మిగిలితే పక్కవాళ్లకు వేస్తాను. ఇంతకన్నా నాకు తెలియదు.

ఇగ చాలు బిడ్డా. రాసింది మొత్తం ఒకసారి చదివి వినిపియ్యి. జల్దీ జల్దీ చదవకు. టికెట్ల కిటికీ కాడ జెర ఆగి, మెల్లగ చదువు.