దస్తీ వేసిన సీటు

తార్నాకలో బస్సెక్కగానే అలవాటు కొద్దీ పక్క సీటు మీద దస్తీ వేశాను. రోజూ నా స్నేహితుడికి అలాగే సీటు ఆపేవాణ్ణి.

“గీ సీటు ఎవలకు తమ్మీ?” అని నిలబడ్డ పెద్దాయన అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది, వాడు రాడని. యూనివర్సిటీ హాస్టల్‌లో మంచాలు కేటాయించే వెబ్‌సైటు ఇద్దరం కలిసి రాశాం. ఖాళీ మంచం చూసి ఒకరి పేరు ఎక్కేలోపు ఇంకొకరు అదే మంచం పట్టకుండా నేను లాక్ పెట్టాను. సైటు నెమ్మదైందని వాడు నాకు చెప్పకుండా దాన్ని తీసేశాడు. ఒకే మంచం ఇద్దరికి వచ్చింది. తప్పు నాదేనని వాడు మాకు ఆ పని అప్పగించిన సార్‌కు చెబితే, ఆ పూటే నన్ను పనిలోంచి తీసేశారు.

ఆయనకు ఇదంతా చెప్పాను.

“ఇగ వాడు రాడు గదా. దస్తీ తియ్యాల్నా?” అన్నాడు.

తలూపాను. దాన్ని మడిచి నా చేతిలో పెట్టి కూర్చున్నాడు.

ముక్కూమొహం తెలియని మనిషి కూడా అడిగే తీశాడు.