బావిగట్టు మీది మనిషి

మొఘల్‌పురాలో ఇప్పుడు లేని దేవిడిలోకి రోజూ మనుషులు వెళ్లివస్తుంటారు. నవాబుల కాలపు ఆ భవనానికి మరమ్మతు సాగుతుండగా ఎవరో వచ్చి వేల ఫోటోలు తీశారు. మరుసటి వానలకు భవనం కూలింది, ఆ ఫోటోలన్నీ కలిపి కట్టిన దేవిడి కంప్యూటర్‌లో నిలిచింది. చిన్న మడిగెలో నిలబడి కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు. లేని గడప దాటడానికి కాలెత్తుతారు. లేని గోడను తడుముతారు.

ఆ హెడ్‌సెట్లు తుడిచి అందించేది భిక్షపతి. సున్నం పనివాడు. ఆ గోడల ఆఖరి పూత ఆయన చేతిదే. అయినా రెండేళ్లలో ఒక్కసారీ లోపలికి చూడలేదు.

వచ్చేవాళ్లు కమాన్ల సంగతి అడగరు. "బాయికాడి దయ్యం ఏడుంది తాతా?" అంటారు. గట్టు మీద ఎర్రచీరలో ఒక ఆడమనిషి ఉంటుంది, సగం పొగలా.

"దయ్యానికి గాజులెందుకే?" అంది ఒక పిల్ల.

"మీ అత్తేమో, మంచిగ సూడు," అంది స్నేహితురాలు.

భిక్షపతి నవ్వలేదు. ఫోటోలు తీసిన రోజు గట్టు మీద కూర్చున్నది ఆయన భార్య స్వరూప. ఆ ఏడే పోయింది. ఆధార్ కార్డు మీది మసక ముఖం తప్ప ఇంట్లో ఆమె బొమ్మ లేదు.

ఒక శుక్రవారం మడిగె నడిపే అభిజ్ఞ చెప్పింది. "రేపు కొత్త బొమ్మ పెడుతున్నం తాతా. బాయికాడి మరక కంప్యూటరోళ్లు తీసేస్తరు. దేవిడి చూడమంటే అందరు దయ్యం కోసమే వస్తుండ్రు."

"ఒక్కపారి నన్ను సూడనియ్ బిడ్డా."

పెట్టుకున్నాడు. గోడలు ఇంకా తడిగా, తెల్లగా ఉన్నాయి. గట్టు మీద ఆమె. గాజులున్నాయి. పైట అంచు ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఎవరో ఊదేసినట్టు చెరిగిపోయి ఉంది.

కదిలితే బొమ్మ చెరుగుతుంది, కదలొద్దన్నారు ఆ రోజు ఫోటోల వాళ్లు. ఆమె కదల్లేదు. కానీ పూత తడి ఆరితే పగులుతుంది, పూసేవాడు చెయ్యి ఆపకూడదు. నిచ్చెన మీద నుంచి తానే కేకేశాడు: "స్వరూపా, నీళ్లు." ఆమె ఇటు తిరిగి లేవబోయింది.

హెడ్‌సెట్ తీశాడు.

"ఎవరు తాతా?"

"నా పెండ్లాం. నేను పిలిస్తే తిరిగింది."

అభిజ్ఞ హెడ్‌సెట్ అందుకుంది. "ఉంచమని చెప్పనా? నా మాట వింటరు."

బయట జనం వరస కట్టి ఉన్నారు. భిక్షపతి వాళ్లవైపు చూడలేదు.

"వద్దు బిడ్డా. అప్పటిసంది లేస్తనే ఉన్నది. ఇగ లేవనియ్."